మా పొలం మీదుగా గ్యాస్ పైప్‌లైన్: ఎర్ర రంగు నుంచి పంచనామా దాకా నా అనుభవం

మొదట చూసింది నాన్న. నిరుడు జనవరి 23 పొద్దున్నే తోటలోకి వెళ్తే 11 కొబ్బరి చెట్లకి ఎర్ర రంగుతో అంకెలు వేసి ఉన్నాయి. తెగులు చెట్లకి ఎవరో గుర్తులు పెట్టారేమో అనుకుని దింపు తీసే అబ్బాయిని అడిగితే, "మీ తోటొక్కటే కాదండీ, అవతల గట్టు దాకా ఇలాగే వేసుకుంటూ పోయారు, గ్యాస్ గొట్టం వాళ్లంట" అన్నాడు. నాన్న నాకు ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట, "అమ్మాయ్, నగరం గుర్తుందా?"

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి నగరం గుర్తుండకపోవడమేంటి. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయిన ఊరు. నీటి తడి తీసేసిన గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారని, లోపల తుప్పు పట్టి చిల్లు పడిందని తర్వాత బయటికొచ్చింది. అంతకుముందు 1995లో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది, ఆ రాత్రుళ్ల గురించి అమ్మ ఇప్పటికీ చెబుతూ ఉంటుంది. కాబట్టి మా ఇంట్లో గ్యాస్ పైప్‌లైన్ అనే మాట వింటే ముందు వచ్చేది భయం, నష్టపరిహారం లెక్కలు ఆ తర్వాతే.

ఈ పదిహేను నెలల్లో ఏ కాగితం ఎప్పుడొచ్చింది, ఎక్కడ బోల్తా పడబోయాను, ఎంత ఖర్చయింది, అంతా రాస్తున్నాను. పక్క మండలంలో ఇప్పుడే చెట్లకి రంగులు పడుతున్నాయి, రోజుకి రెండు మూడు ఫోన్లు వస్తున్నాయి, అందరికీ విడివిడిగా చెప్పలేకపోతున్నాను.

మాది మొత్తం 2 ఎకరాల 30 సెంట్లు. ఎకరం ఇరవై సెంట్లు వరి, మిగతాది కొబ్బరి. నేను కాకినాడలో చిన్న ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, శని ఆదివారాలు ఊరికి వెళ్తాను. రంగు పడిన తర్వాత నాలుగున్నర నెలలు ఏమీ జరగలేదు. వీఆర్వోని అడిగితే "పైనుంచి మాకేమీ రాలేదమ్మా, అది ఊరికే ప్రాథమిక సర్వే" అన్నారు. ఏమీ తెలియనప్పుడు పుకార్లకి కొదవ ఉండదు కదా. ఎకరానికి నలభై లక్షలిస్తారని ఒకరు, ఇంటింటికీ గ్యాస్ కనెక్షన్ ఉచితమని ఒకరు. మా బాబాయి అయితే ఆ డబ్బుతో ట్రాక్టర్ కొనాలా, అప్పు తీర్చాలా అని పిన్నితో గొడవ కూడా పడ్డాడు. మా పొలం మీదుగా పోయేది ట్రంక్ లైన్, అంటే గ్యాసుని దూరప్రాంతాలకి మోసుకెళ్లే పెద్ద గొట్టం. హైవేకి ప్రతి ఇంటి ముందూ దిగే దారి ఉండనట్టే దానికీ ఉండదు. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జూన్ 11న మా ఆఫీసులో ఒకతను పేపర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "ఇది మీ మండలమే కదా?" పేజీ కింద మూలన అరచేయంత ప్రకటన. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ, జూలై 16, ఉదయం 11 గంటలు, ఫలానా చోట. కనీసం 30 రోజుల ముందు చెప్పాలని రూలు, వాళ్లు 35 రోజులు ఇచ్చారు. ఊళ్లో ఆ పేపర్ వేయించుకునే ఇళ్లు మూడు. ఆ మూడిళ్లలోనూ ఎవరూ చూడలేదు. చూసినా అంత చిన్న అక్షరాల్లో తమ ఊరి పేరు వెతుక్కుంటారని ఎలా అనుకుంటాం.

తర్వాత చదివితే తెలిసిందేమంటే, అసలు చాలా గ్యాస్ పైప్‌లైన్లకి ఈ సభే ఉండదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం జాతీయ పార్కులు, అభయారణ్యాలు, అలాంటి సున్నితమైన చోట్ల గుండా పోయే లైన్లకే కేంద్రం నుంచి పర్యావరణ అనుమతి కావాలి. మా లైన్ సముద్రం వైపు కొంతదూరం మడ అడవుల అభయారణ్యంలోంచి వెళ్తోంది. అక్కడి పీతలు, పక్షుల పుణ్యమా అని ముప్పై కిలోమీటర్ల ఇవతల ఉన్న మాకు కూడా మైకు దొరికింది. మీ లైన్‌కి అలాంటి అడవి ఏదీ తగలకపోతే ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడని ఎదురుచూడకండి. మీకు నేరుగా భూమి నోటీసే వస్తుంది, దాని గురించి కింద చెబుతాను, అక్కడే నేను దాదాపు మునిగాను.

జూన్ 14 శనివారం పంచాయతీకి వెళ్తే పర్యావరణ ప్రభావ నివేదిక తెలుగు సారాంశం ఇచ్చారు. 22 పేజీలు. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తెలివైన పందులను గొట్టంలోకి పంపి లోపలి తుప్పును పరీక్షిస్తారు" అని ఉంది. నాన్న కళ్లజోడు సర్దుకుని ఆ వాక్యం రెండుసార్లు పైకి చదివాడు. గొట్టం లోపల దూసుకుపోతూ గోడ మందం కొలిచే పరికరాన్ని ఇంగ్లీషులో పిగ్ అంటారట, అనువాదం చేసినవాళ్లు దాన్ని పందిని చేసి వదిలేశారు. ఆ ఒక్క మాటతో మిగతా 21 పేజీల మీద కూడా నమ్మకం పోయింది. మూడు గ్రామాల్లో జనం ప్రాణాలకి సంబంధించిన కాగితాన్ని అచ్చు వేసేముందు తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరూ చదవలేదన్నమాట.

పూర్తి నివేదిక కలెక్టరేట్‌లోనూ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలోనూ పెట్టారు. 17న సెలవు పెట్టి వెళ్లాను. రెండు లావుపాటి పుస్తకాలు, 640 పేజీలు, మొత్తం ఇంగ్లీషు. అక్కడే కూర్చుని చదువుకోవాలి, ఇంటికివ్వరు. గంటన్నర అయ్యాక అక్కడి గుమస్తా నా అవస్థ చూసి, "వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉందమ్మా, ఇక్కడ మెడ నొప్పెందుకు" అన్నాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఒక రోజు జీతం మిగిలేది. ఇంటికొచ్చి రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను. పొద్దున మా మండలం పేరు, మా సర్వే నంబర్లు ఉన్న పేజీలు వెతికి 86 పేజీలు ప్రింట్ తీయించాను.

పన్నెండు రాత్రులు పట్టింది చదవడానికి. రిస్క్ మీద ఒక అధ్యాయం ఉంటుంది, దాన్ని మాత్రం రాత్రి పూట చదవకండి. గొట్టం పూర్తిగా తెగితే మంట వేడి ఎంత దూరం తగులుతుందో పట్టికలు వేస్తారు. మా ఇంటి నుంచి రంగు చెట్టు దాకా నాన్న, నేను టేపు పట్టుకుని కొలిస్తే 140 మీటర్లు. పట్టికలో ఉన్న అంకె అంతకంటే ఎక్కువ. ఆ పక్క నిలువు వరసలో అలా జరిగే అవకాశం ఎంత తక్కువో కూడా రాసి ఉంది, దశాంశ బిందువు తర్వాత సున్నాలే సున్నాలు. నాన్నకి ఆ సున్నాలు చూపించాను కానీ ఆయన చూపు 140 మీదే ఉంది.

ఇంతలో దొరికింది అసలు విషయం. నీటి నమూనాల పట్టికలో ఎస్‌డబ్ల్యూ-4 అని ఒక చోటు. అది మా పొలం చివర పారే మురుగు కాలువ. ఫొటో కూడా వేశారు. అడుగు పగుళ్లు తీసిన బంక మట్టి, మధ్యలో ఒక ప్లాస్టిక్ చెప్పు. కింద "నీటి ప్రవాహం లేదు, నమూనా తీయలేదు" అని రాశారు. తేదీ మే 9.

మే 9న ఎలా ఉంటుంది మరి? ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్యలో డెల్టాలో ఏ డ్రెయిన్ చూసినా చెప్పులే కనిపిస్తాయి. అదే చోట సెప్టెంబర్‌లో నిలబడితే నడుము దాకా నీళ్లు. మూడు ఊళ్ల ముంపు నీరు సముద్రం వైపు పోవడానికి అదొక్కటే దారి. నేను వాళ్లది మోసం అనడం లేదు. వానాకాలం కాకుండా ఏదో ఒక సీజన్‌లో వివరాలు సేకరిస్తే చాలని పద్ధతే అలా ఉంది, వాళ్లు మార్చి నుంచి మే దాకా తీసుకున్నారు. మెట్ట ప్రాంతంలో అది సరిపోతుందేమో. వానాకాలం చూడకుండా డెల్టాని అంచనా వేయడం అంటే అర్ధరాత్రి వెళ్లి బడిలో పిల్లలే లేరని రాసుకు రావడం లాంటిది.

దానివల్ల నష్టమేంటంటే, పొడి కాలువ అని రాసుకున్నారు కాబట్టి దాన్ని దాటడానికి "ఓపెన్ కట్" అన్నారు. అంటే గట్లు తెగ్గొట్టి, అడుగు తవ్వి, గొట్టం వేసి, మట్టి కప్పేయడం. పెద్ద నదుల దగ్గర, హైవేల దగ్గర అలా చేయరు, ఒక ఒడ్డున యంత్రం పెట్టి అడుగు కిందుగా అడ్డంగా బొరియ తొలిచి అవతలి ఒడ్డున తేలుస్తారు, హెచ్‌డీడీ అంటారు దాన్ని, ఖర్చెక్కువ. మా డ్రెయిన్ గట్టు ఒకసారి తెగ్గొట్టి వదులు మట్టితో పూడ్చితే మొదటి తుపానుకే అది కుంగుతుంది. ఆ పైన మా వరి చేలు ఎన్నాళ్లు నీళ్లలో ఉంటాయో ఊహించుకోవచ్చు.

నా మొదటి అభ్యంతరం ఆరు పేజీలు. నగరం, పాశర్లపూడి, మా తాత చెమట, అన్నీ ఉన్నాయి అందులో. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా వీధిలోనే ఉంటారు, ఆయనకి చూపిస్తే మొత్తం చదివి పక్కన పెట్టేశారు. "ఏమ్మా, ఇది ఎవరికి రాశావు? చదివేవాడికి నీ తాత తెలీదు. ఎస్‌డబ్ల్యూ-4 తెలుసు. దాని మీద రాయి." ఆ డ్రెయిన్‌కి శాఖ రికార్డుల్లో ఉన్న పేరేంటో, దాని కింద ఎన్ని ఎకరాల మురుగు దిగుతుందో ఆయనే చెప్పారు. రెండో సారి రాసింది పేజీన్నర. నివేదికలో ఏ పేజీ, ఏ పట్టిక, అక్కడేం రాశారు, నిజానికి ఏం ఉంది, మేం అడుగుతున్నదేంటి. నాలుగు విషయాలే: డ్రెయిన్‌లో వానాకాలం నీటి లెక్క తీయాలి, ఓపెన్ కట్ వద్దు, తవ్వేటప్పుడు పైమట్టి వేరుగా పోసి మళ్లీ పైనే వేయాలి (మా దగ్గర రెండడుగుల కింద ఉప్పు మట్టి, అది పైకొస్తే మూడేళ్లు పంట మాట మర్చిపోవాలి), తెలుగు సారాంశం సరిచేసి మళ్లీ ఇవ్వాలి. పందుల సంగతి కూడా ఒక వాక్యం రాశాను, ఉండబట్టలేక.

అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో నాన్న సరదాగా తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో దొరికింది. నడుము లోతు నీళ్లలో బాబాయి గుర్రపుడెక్క లాగుతున్నాడు, వెనక మా మోటారు షెడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. తేదీ ఉంది. దాన్ని పెద్ద సైజులో ఆరు కాపీలు తీయించాను. జూలై 3న రిజిస్టర్డ్ పోస్టులో పంపి, మర్నాడు ఇంకో కాపీ స్వయంగా కాలుష్య మండలి ఆఫీసులో ఇచ్చాను. ఇన్‌వర్డ్‌లో కాగితం తీసుకుని "సరేనమ్మా" అన్నారు. నేనూ సరే అని వచ్చేయబోయాను. మీ దగ్గరుండే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా గుమ్మం దాటకండి. ముద్ర వేసే ఆయన భోజనానికి వెళ్లాడు, గంటా పది నిమిషాలు కూర్చున్నాను. ఆ ముద్ర తర్వాత రెండుసార్లు పనికొచ్చింది.

జూలై 16 సరిగ్గా ఊడుపుల రోజులు. నాట్లు వేసేవాళ్లు దొరికేదే కష్టం, దొరికిన రోజు వదులుకుని సభకి ఎవరొస్తారు? అయినా మా ఊరి నుంచి నలభై మంది దాకా వచ్చారు. పెద్ద షామియానా, ముందు సోఫాలు, మధ్యలో బారికేడ్లు, చుట్టూ పోలీసులు. ఎక్కడివాళ్లో తెలియని జనం నాలుగు బస్సుల్లో దిగారు, వాళ్ల చేతుల్లో ఒకేరకం ఫైళ్లు. జాయింట్ కలెక్టర్ వేదిక మీద, పక్కన కాలుష్య మండలి ఇంజనీరు. మాట్లాడాలంటే చీటీ మీద పేరు, ఊరు రాసివ్వాలి. నేను పదిన్నరకే ఇచ్చాను, నంబరు 47. ముందు రోజు రాత్రే వచ్చి ఇచ్చినవాళ్లున్నారట.

ఆ నివేదిక తయారుచేసిన కన్సల్టెంట్ అరగంట పైగా దాన్ని తెర మీద చూపిస్తూ చదివాడు. ఆ తర్వాత మొదలైన వాళ్లలో చాలామంది ఉద్యోగాలు, అభివృద్ధి అని రెండు ముక్కలు చెప్పి దిగిపోయారు. మడ అడవుల్లో పీతలు పట్టుకునే ఒకావిడ వచ్చాక సభ మారిపోయింది. మైకు ఎలా పట్టుకోవాలో కూడా తెలియలేదు ఆవిడకి. "బాబూ, గొట్టం లీకైతే మాకు వాసనొస్తదా?" అని ఒక్క ప్రశ్న. కంపెనీ అధికారి ఒకాయన లేచి నిజాయితీగానే చెప్పాడు, సహజవాయువుకి దానంతట వాసన ఉండదు, ఇళ్లకి సరఫరా చేసేచోట వాసన మందు కలుపుతారు, ఈ ట్రంక్ లైన్‌లో కలపరు, లీకుల్ని పరికరాలు కనిపెడతాయి అని. షామియానా కింద ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. మాకు తెలిసిన గ్యాస్ అంటే సిలిండర్, వాసన రాగానే కిటికీ తీయడం. వాసనే లేని గ్యాస్ గురించి అంతవరకు ఎవరమూ ఆలోచించలేదు.

నా వంతు 3:20కి వచ్చింది. మధ్యాహ్నం తినలేదు, కాళ్లు వణుకుతున్నాయి, మైకులో నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మూడు నిమిషాల్లో ముగించమన్నారు. పేజీ నంబరు చెప్పి, పట్టిక చదివి, ఫొటో ఎత్తి చూపించాను. జాయింట్ కలెక్టర్ ఆ ఫొటో తెప్పించుకుని చూశారు. "ఇది అదే లొకేషనా?" అని కన్సల్టెంట్‌ని అడిగారు. అతను కాగితాలు తిరగేసి "వెరిఫై చేస్తాం సార్" అన్నాడు. అంతే, అయిపోయింది. దిగి వస్తుంటే నాన్న ఏమీ అనకుండా మంచినీళ్ల బాటిల్ ఇచ్చాడు.

సభ అయిపోయిందనుకుని ఐదింటికి జనం వెళ్లిపోయారు. నేను కూడా బస్సుకి టైమవుతోందని లేచాను. ఆ రిటైర్డ్ పెద్దాయన చెయ్యి పట్టి ఆపారు. చివర్లో ఎవరేం మాట్లాడారో తెలుగులో పైకి చదవాలి, అది నిబంధన, ఆ తర్వాతే సంతకాలు. ముప్పై మందిమి మిగిలాం. చదువుతుంటే నా పేరొచ్చింది: "డ్రైనేజీ సౌకర్యం మెరుగుపరచాలని కోరారు." నేనెప్పుడు కోరాను! లేచి అరిచాను, నిజంగా అరిచానట, నాకు గుర్తు లేదు. జాయింట్ కలెక్టర్ మళ్లీ చెప్పమన్నారు, నేను చెబుతుంటే రాసేవాళ్లు రాసుకున్నారు, ఈసారి పట్టిక నంబరుతో సహా. ఆ పది నిమిషాలు ఉండకుండా బస్సెక్కి ఉంటే ఢిల్లీకి వెళ్లే కాగితంలో నేను మురుగు కాలువ బాగుచేయమని అర్జీ పెట్టుకున్న మనిషిని అయ్యేదాన్ని. వీడియో తీస్తారు నిజమే, కానీ ఆరు గంటల వీడియో ఎవరు చూస్తారు? చూసేది ఆ కాగితమే. 13 రోజులకి అది వెబ్‌సైట్‌లోకి వచ్చింది, నా మాట నేను చెప్పినట్టే ఉంది.

ఇక్కడ నేను చేసిన పెద్ద పొరపాటు. అభ్యంతరం చెప్పేశాం కదా, ఇక వాళ్లే చూసుకుంటారు అనుకున్నాను. పర్యావరణం ఫైలు వేరు, భూమి ఫైలు వేరు. భూమిది 1962 నాటి పెట్రోలియం పైప్‌లైన్ల చట్టం కింద నడుస్తుంది, దానికి వేరే అధికారి, వేరే గడువు. ఫలానా సర్వే నంబర్లలో గొట్టం వేస్తామని చెప్పే గెజిట్ కాపీలు ప్రజలకి అందుబాటులో పెట్టిన తేదీ నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మా సచివాలయం బోర్డు మీద సెప్టెంబర్ 4న అంటించారు. మాకు విడిగా వచ్చిన నోటీసు మా తాత పేరు మీద వచ్చింది. తాత పోయి తొమ్మిదేళ్లయింది, పాస్ పుస్తకం మార్చుకుందాం మార్చుకుందాం అంటూనే ఉన్నాం. ఆ పేరుగల మనిషి లేడని నోటీసు తిరిగి సచివాలయానికే పోయి ఒక ఫైల్లో పడుంది. 15న బాబాయి వేరే పనికి వెళ్తే బోర్డు మీద మా సర్వే నంబరు కనబడి ఫోన్ చేశాడు. మిగిలింది 10 రోజులు. ఆ వారం నేను సరిగ్గా నిద్రపోలేదు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, తాత మరణ ధ్రువీకరణ పత్రం, 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు, పన్ను రసీదులు, అన్నీ పోగేసి 22న ఇచ్చాను. మీ భూమి ఇంకా పెద్దవాళ్ల పేరు మీదే ఉంటే, రంగు పడిన మర్నాడే ఆ పని మొదలుపెట్టండి.

ఆ అభ్యంతరం మీద విచారణకి అక్టోబర్ 17న పిలిచారు. పన్నెండు నిమిషాలు. అధికారి మర్యాదగా మాట్లాడారు, కుర్చీ వేయించారు. అక్కడ తెలిసింది లెక్క. భూమి మనదే, దాని కింద గొట్టం వేసుకునే వాడకం హక్కు మాత్రమే వాళ్లది, అందుకని నోటిఫికేషన్ నాటి భూమి విలువలో 10 శాతం ఇస్తారు, పంట, చెట్ల నష్టం దానికి వేరుగా. మా ముక్కలో గొట్టం కోసం తీసుకునే పట్టీ 20 మీటర్ల వెడల్పు, 62 మీటర్ల పొడవు, అంటే ముప్పై సెంట్ల పైచిలుకు. ఎకరం 18 లక్షల లెక్కన చూస్తే చేతికొచ్చేది 55 వేలు. బాబాయి ట్రాక్టర్ గురించి ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు.

డబ్బు కంటే బాధపెట్టింది ఇంకోటి. ఆ పట్టీలో వరి వేసుకోవచ్చు కానీ చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. బాబాయి వాటాలో రోడ్డు పక్క ముక్క మొత్తం అందులోకే పోయింది. తమ్ముడి పెళ్లయ్యాక అక్కడ ఇల్లు కట్టాలని గదుల కొలతలు కూడా నోటుబుక్కులో గీసి పెట్టుకున్నాడు. ఇప్పటికే ఇల్లున్న చోట, ఇంటిని ఆనుకున్న దొడ్డి కింద గొట్టం వేయకూడదని చట్టంలో ఉంది. కట్టబోయే ఇంటికి చట్టంలో చోటు లేదు. ఆ నోటుబుక్కు అధికారికి చూపిస్తానన్నాడు, నేనే వద్దన్నాను. చూపించనివ్వాల్సింది. ఏమీ మారేది కాదనుకోండి, కానీ మనిషికి చెప్పుకున్నట్టయినా ఉండేది.

మా మోటారు షెడ్డు పక్కా కట్టడమని రుజువు చూపించాం కాబట్టి అక్కడ లైన్ కొంచెం జరిపారు. దాంతో రంగు చెట్లలో నాలుగు బతికాయి. ఏడు పోతాయి.

ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందుకి మా ఫైలు అక్టోబర్‌లో వెళ్లింది. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ వెబ్‌సైట్‌లో కమిటీ సమావేశాల అజెండాలు, మినిట్స్ (ఏం తేల్చారో రాసిన కాగితం) పెడతారు, ఎవరైనా చూడొచ్చు. ప్రతి రాత్రీ పడుకునే ముందు తెరిచి చూడటం నాకో జబ్బైపోయింది. తుది నివేదిక అందాక కమిటీకి 60 రోజులు, ఆ పైన మంత్రిత్వ శాఖకి 45 రోజులు అని నిబంధనల్లో ఉంది. కమిటీ మొదటిసారి వాయిదా వేసింది. మినిట్స్‌లో కారణాలు నాలుగు రాశారు, మూడోది "ప్రజాభిప్రాయ సేకరణలో ప్రస్తావించిన డ్రెయిన్ వానాకాలపు నీటి ప్రవాహం వివరాలు నీటిపారుదల శాఖ నుంచి తీసుకుని సమర్పించాలి". రాత్రి పదకొండున్నరకి అది చదివాను. నాన్న నిద్రపోతుంటాడని తెలిసీ ఫోన్ చేశాను. "నా ఫొటోయేనా?" అన్నాడు. ఆయన తీసిన ఫొటో కదా మరి.

డిసెంబర్‌లో కమిటీ సరేనంది, ఈ ఏడాది జనవరి 27న అనుమతి లేఖ వచ్చింది. షరతుల్లో మా డ్రెయిన్ హెచ్‌డీడీతో దాటాలని ఉంది. పైమట్టి వేరుగా పోయాలని ఉంది. వాసన మందు గురించి లేదు, తెలుగు సారాంశం గురించి లేదు. హరిత ట్రిబ్యునల్‌కి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, గట్టి కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. దక్షిణాదికి చెన్నైలో ఉంది. ఒక లాయరు చెప్పిన ఫీజు విని థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను. పీతలావిడ వాళ్లు వెళ్లాలనుకుంటున్నారని విన్నాను. వాళ్లడిగితే నా దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తాను.

ఖర్చు చాలామంది అడుగుతున్నారు. ప్రింట్లు, జిరాక్సులు 1,140 రూపాయలు, పోస్టు, బస్సులు, ఆటోలు 2,300 దాకా, సర్టిఫికెట్ల చుట్టూ తిరగడానికి 900, కాగితాలు ఒకసారి చూసిపెట్టిన లాయరుకి 2,000. జీతం కోసిన సెలవులు ఏడు రోజులు. వచ్చే 55 వేలలో ఇవి తీసేస్తే ఎంతో మీరే చూసుకోండి. చెట్లకి ఎంత కడతారో ఇంకా తేలలేదు.

ఎల్లుండి పంచనామా. చెట్లు లెక్కపెట్టి, పట్టీ కొలిచి సంతకాలు తీసుకుంటారట. నాన్న ఆ ఏడు చెట్లకి రంగు వెలిసిపోయిందని తనే ఎర్ర పెయింట్ తెచ్చి మళ్లీ దిద్దాడు, లెక్కలో ఒక్కటి తగ్గినా మళ్లీ ఎవరితో వాదించాలని. నిన్న సాయంత్రం ఇద్దరం డ్రెయిన్ గట్టు మీదికి వెళ్లాం. కాలువలు కట్టేశారు, నీళ్లు లేవు, అడుగు పగిలి ఉంది, అచ్చం వాళ్ల రిపోర్టులో ఫొటోలాగే ఉంది. నాన్న ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టాడు. ఎందుకు నాన్నా అంటే, "ఉండనీ, సెప్టెంబర్‌లో ఇక్కడే ఇంకోటి తీద్దాం" అన్నాడు.